అన్నా మణి: వజ్రాల వెలుగు నుంచి రామగిరి గాలి దాకా

గాలికొండ | రామగిరి | ఆదివారం రాత్రి 9.12

ఫిబ్రవరి 28 దగ్గర పడుతోంది. మా బడిలో జాతీయ సైన్స్ దినోత్సవం అంటే ఏటా ఒకటే తంతు: రామన్ పటానికి దండ, సముద్రం నీలంగా ఎందుకుంటుందో బట్టీపట్టి చెప్పే ఒక పిల్లవాడు, చివర మిక్చరు పొట్లాలు. రామన్ అంటే నాకు గౌరవమే. 1928లో ఆ రోజున తేలిన రామన్ ప్రభావం (పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందన్న విషయం), 1930లో వచ్చిన నోబెల్ పిల్లలకు తెలియాల్సినవే. కానీ తరగతి కిటికీలోంచి చూస్తే గాలిమరలు కనిపించే ఊరు మాది. ఆ గాలిని దేశమంతటా కొలిపించిన భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి గురించి ఈసారి పదో తరగతి వాళ్లకు నలభై నిమిషాలు చెప్పాలనుకుంటున్నాను.

నా దగ్గర ఉన్నది ఇంతే. 1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టారు. తండ్రి సివిల్ ఇంజనీరు, యాలకుల తోటలున్న కుటుంబం. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంటి ఆనవాయితీగా వజ్రాల కమ్మలు ఇవ్వబోతే వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగారు. 1939లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్స్, 1940లో బెంగళూరు ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థ) రామన్ ప్రయోగశాల, 1948లో పుణెలో వాతావరణ శాఖ ఉద్యోగం, 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూత. ఇలా చదివితే పిల్లలు ఆవలిస్తారు. ఆవిడ రోజూ ఏం పని చేసేవారు, చేతిలో ఏ పరికరం ఉండేది? ఇది చెప్పగలిగిన వాళ్లు ఈ వేదికలో ఉన్నారని తెలిసే అడుగుతున్నాను.

కొండారెడ్డి బురుజు | కర్నూలు | ఆదివారం రాత్రి 9.40

మాష్టారూ, అభిమానం మంచిదే. కానీ వాతావరణ శాఖలో పరికరాలు చేయించిన అధికారిని భౌతిక శాస్త్రవేత్తల వరుసలో కూర్చోబెట్టడం కాస్త ఎక్కువే. ఆవిడ కనిపెట్టిన కొత్త సూత్రం ఏమైనా ఉందా? రామన్ దగ్గర పనిచేసిన వాళ్లే కావాలంటే మన సూరి భగవంతం గారు లేరా? 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు, కలకత్తాలో రామన్ దగ్గర పరిశోధన చేశారు, చివరికి ఆ ఐఐఎస్‌సీకే డైరెక్టర్ అయ్యారు. ఇంట్లో పెద్దమనిషిని పెట్టుకుని పొరుగింటికి పీట వేయడం దేనికి?

తుంగభద్ర | కర్నూలు | ఆదివారం రాత్రి 10.25

బురుజు గారూ, భగవంతం గారి మీద విడిగా చర్చ మొదలుపెట్టండి, మొదటి వ్యాఖ్య నాదే. కొత్త సూత్రం కనిపెట్టిన వాళ్లే భౌతిక శాస్త్రవేత్తలంటే మాత్రం ప్రపంచంలోని ప్రయోగశాలలు సగం ఖాళీ చేయించాలి. నేను డిగ్రీ కళాశాలలో భౌతిక శాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని, సూత్రాల మీద నాకూ మోజే. కానీ సూత్రం నిలిచేదీ కూలేదీ కొలత దగ్గరే.

రామన్ ప్రయోగశాలలో ఆవిడ చేసినది వజ్రాల, కెంపుల వర్ణపటాల పని. ముప్పైకి పైగా వజ్రాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. రాయి మీద కాంతి పడితే కొంత మింగుతుంది, కొంత చెదరగొడుతుంది, కొంత వేరే రంగులో తిరిగి వెలువరిస్తుంది. ఈ మూడింటినీ కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్ గుండా పంపి ఫోటో పలక మీద పట్టాలి. వజ్రాన్ని చల్లబరిచి ఒకసారి, వేడి చేసి ఒకసారి, కాంతి కంపించే దిశ (ధ్రువణం) మార్చి మరోసారి.

ఇప్పుడు పిల్లలకు చెప్పాల్సిన అసలు ముక్క. ఆ కాంతి ఎంత మందకొడి అంటే, ఒక్క పలక మీద గీతలు పడాలంటే 15 నుంచి 20 గంటలు అలాగే తెరిచి ఉంచాలి. ఆవిడ రాత్రుళ్లు ప్రయోగశాలలోనే పడుకునేవారు. ఎర్ర దీపం వెలుగులో పలకను డెవలపర్ తొట్టెలో ముంచి, తొట్టెను అటూ ఇటూ ఊపుతూ ఉంటే, బూడిదరంగు నేపథ్యంలో వెంట్రుక మందాన గీతలు తేలడం మొదలవుతుంది. రాత్రి ఎవరైనా బల్లకు తగిలి ఉన్నా, గది మరీ చల్లబడి అద్దాలు ఇసుమంత జరిగినా గీత అలుక్కుపోతుంది. మళ్లీ మొదటికి. ఇలా 1942-45 మధ్య ఐదు పరిశోధన పత్రాలు వచ్చాయి. ఐదింటి మీదా ఆవిడ ఒక్కరి పేరే.

తొలకరి | తుగ్గలి | సోమవారం ఉదయం 7.05

వజ్రాల మాట వచ్చాక మా వైపు వాళ్లు నోరు కట్టుకుని కూర్చోలేరు. తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జనం. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. విత్తనం వేయాల్సిన రైతు తన చేనులో అడుగుపెట్టడానికి చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. అటు వజ్రకరూరు వైపూ అదే వేట.

నాకొక సందేహం. రాళ్లు కొనే మా బంధువు దగ్గర చిన్న అతినీలలోహిత దీపం ఉంది. గుప్పిట చీకటి చేసి దాని కింద పెడితే కొన్ని రాళ్లు లేత నీలంగా వెలుగుతాయి. కొన్ని మొద్దులా ఉండిపోతాయి. ఆయన ఆ నీలం చూసే ధర మాట్లాడతారు. మణి గారు చూసిన వెలుగు, ఈ వెలుగు ఒకటేనా?

తుంగభద్ర | సోమవారం ఉదయం 8.50

ఒకటే. ఆవిడ పత్రాల్లో పదే పదే కనిపించే నీలి ప్రదీప్తి 415 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. మీ బంధువు గుప్పిట్లో కనిపించేది చాలామటుకు అదే.

దీని వెనుక ఒక గొడవ ఉంది, పాఠంలో పెట్టదగినది. వజ్రాలు ఒక్కోటి ఒక్కోలా ఎందుకు వెలుగుతాయి అన్న ప్రశ్నకు రామన్ జవాబు: స్ఫటిక నిర్మాణంలోనే నాలుగు రకాలున్నాయి, తేడా అక్కడిది, మలినాలది కాదు. వజ్రం మీద భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌తో, స్ఫటిక శాస్త్రవేత్త కాథ్లీన్ లాన్స్‌డేల్‌తో వాదాలు నడిచాయి. రామన్ ఒక పట్టాన మాట వదిలే మనిషి కాదు. 1959లో వజ్రంలో నైట్రోజన్ కలిసి ఉంటుందని తేలడంతో ఆ నాలుగు రకాల సిద్ధాంతం నిలవలేదు. ఇవాళ చెప్పే కారణం, ఒక ఖాళీ స్థానం చుట్టూ చేరిన మూడు నైట్రోజన్ పరమాణువులు. గురువు గారి వివరణ పోయింది. కానీ ఆ వివరణను బలపరచడానికి శిష్యురాలు తీసిన కొలతలు పోలేదు, కొత్త వివరణ వచ్చి వాటి మీదే కూర్చుంది. బురుజు గారు అడిగిన కొత్త సూత్రం ప్రశ్నకు నా జవాబు ఇదే.

తొలకరి గారూ, మీ బంధువుకు ఒక మాట చెప్పండి. నీలంగా వెలిగిందల్లా వజ్రం కాదు, వెలగని వజ్రాలూ బోలెడు. ఖాయంగా తేల్చేది రామన్ వర్ణపటమే. వజ్రమైతే 1332 సెం.మీ⁻¹ (తరంగ సంఖ్య) దగ్గర ఒంటరిగా, సూదిలాంటి గీత ఒకటి వస్తుంది. రత్న పరీక్ష కేంద్రాల్లో ఇప్పుడు క్షణాల్లో తీసేస్తారు. దానికే ఆ రోజుల్లో రాత్రంతా జాగారం.

గండికోట | కడప | సోమవారం మధ్యాహ్నం 1.15

నేను ఎమ్మెస్సీ భౌతిక శాస్త్రం చదువుతున్నాను. 2022 ఆగస్టు 23న గూగుల్ తన మొదటి పేజీలో ఆవిడ బొమ్మ పెట్టింది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా మా తరగతిలో ఒక్కరికీ ఆ పేరు తెలియదు.

ఇంత పని చేసినావిడకు డాక్టరేట్ ఇవ్వలేదని ఎవరూ రాయలేదేం? 1945 ఆగస్టులో సిద్ధాంత గ్రంథం మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. ఎమ్మెస్సీ పట్టా లేదు కాబట్టి పీహెచ్‌డీ కుదరదన్నారు. ఆ గ్రంథం బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉండిపోయింది. మాష్టారు ఇది చెప్పకుండా పాఠం ముగిస్తే నేను ఒప్పుకోను.

కొండారెడ్డి బురుజు | సోమవారం మధ్యాహ్నం 2.00

అమ్మాయీ, నిబంధన ఉన్నప్పుడు విశ్వవిద్యాలయం మాత్రం ఏం చేస్తుంది? ఎమ్మెస్సీ లేదు, పీహెచ్‌డీ లేదు. మగవాడైనా అంతే కదా.

గండికోట | సోమవారం మధ్యాహ్నం 2.20

అంతే అనేసి చేతులు దులుపుకోలేము సార్. భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఆనర్స్ పట్టా ఉంది. ఐఐఎస్‌సీ పరిశోధనకు ఉపకార వేతనం ఇచ్చి మరీ తీసుకుంది. చేర్చుకునేటప్పుడు సరిపోయిన అర్హత, ఐదు పత్రాలు అచ్చయ్యాక ఎందుకు చాలకుండా పోయింది?

ఆ ప్రాంగణం ఆడపిల్లలకు ఎలా ఉండేదో కూడా చూడండి. 1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న కమలా సోహోనీ దరఖాస్తు పెడితే రామన్ కాదన్నారు. ఆవిడ పట్టుబట్టాక షరతుల మీద చేర్చుకున్నారు. తర్వాత ఆవిడ కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేశారు. మణి చేరే నాటికి ప్రవేశం దొరికింది కానీ, ప్రయోగశాలలో ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి మాట్లాడుకోవడం రామన్‌కు నచ్చేది కాదు. పక్కనే మగ విద్యార్థులు శాస్త్రం చర్చించుకుంటుంటే వినిపిస్తుంది, వెళ్లి కలవడానికి లేదు. పరిశోధనలో సగం నేర్చుకునేది ఆ మాటల్లోనే అని మా మేడం అంటూ ఉంటారు. ఆ సగం వాళ్లకు అందలేదు.

తుంగభద్ర | సోమవారం సాయంత్రం 5.30

అమ్మా, నువ్వు చెప్పినవన్నీ నిజాలే, పాఠంలో ఉండాల్సినవే. ఇంకొకటి కలుపు. పెద్దవయసులో ఎవరైనా ఈ విషయం కదిలిస్తే ఆవిడ పెద్దగా పట్టించుకునేవారు కాదు. పట్టా లేకపోవడం వల్ల తన జీవితంలో మారిందేమీ లేదన్నారు. ఆడవాళ్లు, సైన్సు అంటూ హడావుడి చేయడం ఆవిడకు చిరాకు. జాలి కథగా చెబితే ఆవిడకు నచ్చదు. అలాగని అన్యాయం జరగలేదనీ కాదు. ఆవిడ మరిచిపోయారు కదా అని మనమూ మరిచిపోతే ఎలా?

మధ్యవర్తి | సోమవారం సాయంత్రం 6.10

రామన్ స్వభావం మీద వచ్చిన మరో పదకొండు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాను. ఇక్కడ మణి గురించే రాయండి.

పాత బారోమీటర్ | అనంతపురం | సోమవారం రాత్రి 8.45

రాయలసీమలో ఒక వాతావరణ పరిశీలన కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను. మాకు మణి గారు ఫోటోలో మనిషి కాదు, మేము రోజూ ముట్టుకునే ఇత్తడి, గాజు, పాదరసం.

1945లో ప్రభుత్వ ఉపకార వేతనం మీద ఇంగ్లండ్ వెళ్లారు. భౌతిక శాస్త్రంలో పై పరిశోధన చేయాలని వెళితే, ఖాళీ ఉన్నది వాతావరణ పరికరాల శిక్షణలోనే. సరే అని అదే నేర్చుకుని వచ్చారు. 1948లో పుణె పరికరాల విభాగంలో చేరారు. అప్పటిదాకా చాలా పరికరాలు ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాల్సిందే. మనమే చేసుకోవాలని ఆవిడ పట్టు. సుమారు 100 రకాల పరికరాలకు కచ్చితమైన నమూనా చిత్రాలు గీయించి, ఎక్కడ తయారు చేసినా ఒకేలా ఉండేటట్టు ప్రమాణాలు పెట్టారు. 1953 నాటికి ఆ విభాగానికి అధిపతి. చేతికింద 121 మంది, అందరూ మగవాళ్లే.

ఒకేలా ఉండడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఉదయం ఎనిమిదిన్నరకు మేము పీడనం చూసేవాళ్లం. ఫార్టిన్ బారోమీటర్ ముందు నిలబడగానే మొదట దానికి తగిలించిన ఉష్ణమాపకం చదవాలి. ఆలస్యమైతే మన ఒంటి వేడికే అది పెరుగుతుంది. తర్వాత కింద మర తిప్పి పాదరసాన్ని పైకి లేపాలి. తొట్టెలోకి దిగిన దంతపు ముల్లు, పాదరసంలో దాని నీడ, రెండు మొనలూ తాకాలి. గుంట పడకూడదు, సందు కనిపించకూడదు. ఆ పైన వెర్నియర్ (సన్నని కొలత చూపే జారుడు బద్ద) జరిపి అంకె రాసుకోవాలి. ఇదే పని అదే నిమిషంలో దేశమంతటా జరుగుతుంది. ఒక్క కేంద్రంలో పరికరం తప్పు చూపినా వాతావరణ పటం మీద లేని అల్పపీడనం పుట్టుకొస్తుంది. తప్పుడు కొలత కన్నా అసలు కొలత లేకపోవడమే మేలు అని ఆవిడ నమ్మకం. మా పై అధికారులు ఆ మాట చెప్పి మమ్మల్ని చాలాసార్లు చీవాట్లు పెట్టారు.

ఇంకా ఉన్నాయి. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశంలో సూర్యవికిరణం కొలిచే కేంద్రాల వరుస ఏర్పాటు చేశారు. బెలూన్‌లో పైకి పంపే ఓజోన్ పరికరాన్ని ఇక్కడే తయారు చేయించారు. అందులో పొటాషియం అయొడైడ్ ద్రావణం గుండా గాలి పోతుంది, ఓజోన్ తగిలితే అయొడిన్ విడుదలై, ఆ మేరకు కరెంటు పుడుతుంది. ఆ కరెంటే కొలత. 1963లో విక్రమ్ సారాభాయ్ అడిగితే తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనకు ఏర్పాట్లు చేసి పెట్టారు. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. బెంగళూరులో రామన్ సంస్థకు తిరిగి వెళ్లారు, మన హిందూపురానికి దగ్గర్లోని నంది కొండల మీద మిల్లీమీటర్ తరంగాల దూరదర్శినికి అనువైన చోటు పరిశీలించారు. 1980లో, 1981లో భారతదేశ సూర్యవికిరణ గణాంకాల మీద రెండు పెద్ద పుస్తకాలు తెచ్చారు. గాలి సర్వే ఆ తర్వాతి సంగతి.

ఓర్వకల్లు ఎండ | కర్నూలు జిల్లా | సోమవారం రాత్రి 9.30

పెద్దాయన చెప్పిన సూర్యవికిరణం దగ్గరే నా ఉద్యోగం. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది కదా, ఆ వైపే ఒక ప్లాంటులో టెక్నీషియన్ని. తెల్లవారి నా మొదటి పని పైరానోమీటర్ తుడవడం. అరచేతిలో పట్టే పరికరం, పైన గాజు బుడగ, లోపల నల్లటి బిళ్ల. ఎండకు బిళ్ల వేడెక్కితే దాని కింది లోహపు జంటల్లో మిల్లీవోల్టులు పుడతాయి. ఎండ ఎంతో ఆ వోల్టులే చెబుతాయి. మా వైపు నాపరాయి దుమ్ము ఎలాంటిదో తెలుసు కదా. మెత్తని గుడ్డతో ఆ బుడగ తుడవకపోతే ఎండ తక్కువ చూపిస్తుంది. అప్పుడు పలకలు నిజంగా ఇవ్వాల్సినంత కరెంటు ఇవ్వకపోయినా, అంతా సవ్యంగానే ఉందని కంప్యూటర్ చెబుతుంది. పలకల దుమ్మును పరికరం దుమ్ము కప్పిపెడుతుందన్న మాట.

ఆ పుస్తకాల పేరు మా పాత ఇంజనీరు నోట విన్నాను. ఉపగ్రహాల లెక్కలు రాకముందు ఎక్కడ ఎంత ఎండ కాస్తుందో తెలియాలంటే అవే దిక్కట.

వేరుశనగ | శింగనమల | మంగళవారం ఉదయం 6.20

అందరూ గాలిమరలను పొగుడుతున్నారు. మా ఊళ్లో పెద్దవాళ్లు మరోలా అంటారు. మరలు వచ్చాక మబ్బులు నిలవడం లేదు, రెక్కలు తిరిగి వానను తరిమేస్తున్నాయి అని. నేను పూర్తిగా నమ్మను, అలాగని కొట్టిపారేయలేను. జూన్‌లో విత్తనం వేసి ఆకాశం చూస్తూ కూర్చునేది మేము. మబ్బు వస్తుంది, గాలి లేస్తుంది, మబ్బు పోతుంది. మాష్టారు బడిలో ఈ ముచ్చట చెబితే పిల్లలు ఇంటికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏం చెబుతారు?

పాత బారోమీటర్ | మంగళవారం ఉదయం 9.00

మంచి ప్రశ్న అడిగావు నాయనా. రెక్క కొన ఎత్తు 100, 150 మీటర్లు, కొత్త పెద్ద మరల్లో 200 దాకా. రామగిరిలో 1990ల్లో పెట్టిన పాత మరలు అంత కూడా లేవు. వాన మబ్బు అడుగు భాగమే సాధారణంగా కిలోమీటరు పైన ఉంటుంది, తల ఎన్నో కిలోమీటర్ల ఎత్తులో. మర తాకేది నేల బారున పోయే గాలిని.

మబ్బు పోతున్నది, గాలి వీస్తున్నది ఒకే కారణం వల్ల. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తెచ్చిన తేమను పడమటి కనుమల మీదే కుమ్మరించి, తేలికపడి మన మీదికి దిగుతుంది. అందుకే ఆషాఢంలో గాలి ఊపిరి ఆడనివ్వదు, చినుకు మాత్రం రాలదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వాన మనకు ఈ మరలతో వచ్చిన రాత కాదు. 1876లో మొదలైన ధాత కరువు నాటికి ఏ కొండ మీద ఏ మర ఉంది?

వేరుశనగ | మంగళవారం ఉదయం 9.35

ధాత కరువు మాటకు నా దగ్గర ఎదురు లేదు. కానీ కొండ మీదికి మరలు మోసుకెళ్లడానికి కంపెనీ వేసిన దారి వల్ల మా చేలకు దిగే వాగు పక్కకు మళ్లింది. అది కళ్లారా చూస్తున్నాను. పెద్దవాళ్ల కోపం అసలు దాని మీదేనేమో, మబ్బుల మీదికి పోయింది.

పాత బారోమీటర్ | మంగళవారం ఉదయం 9.50

అది వేరే సంగతి, అది నమ్మదగిన ఫిర్యాదు. సర్వేయర్‌ను తీసుకెళ్లి వాలు కొలిపించండి, వాన రోజున ఫోటోలు తీయండి. మబ్బుల కథతో కలెక్టరేట్‌కు వెళితే నవ్వి పంపుతారు, వాలు లెక్కతో వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

గాలికొండ | మంగళవారం రాత్రి 8.15

పాఠం రూపు కట్టింది. గాలి సర్వే దగ్గర పిల్లలతో ఒక లెక్క చేయిస్తాను. గాలిలోని శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి అయితే 5 ఘనం 125. 6 మీటర్లయితే 216. వేగం ఒక్క మీటరు పెరిగితే శక్తి 73 శాతం పెరిగింది. అంటే వేగం కొలవడంలో పది శాతం ఎక్కువ చూపినా, చేతికి వచ్చే కరెంటు అంచనా 33 శాతం ఉబ్బిపోతుంది. బ్యాంకు అప్పు ఇచ్చేది ఆ అంచనా చూసే. 700కు పైగా చోట్ల గాలిని కొలిపించి, సంపుటాలుగా అచ్చు వేయించడం ఎందుకంత పెద్ద పనో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. రామగిరి మరలు ఆవిడే పెట్టించారని మాత్రం చెప్పను, మరలు పెట్టిన వాళ్లు వేరు.

కొండారెడ్డి బురుజు | మంగళవారం రాత్రి 8.40

33 శాతం లెక్క బాగుంది. నా ఓటు ఇప్పటికీ భగవంతం గారికే, కానీ ఈ పాఠం వినడానికి వస్తాను. మిక్చరు ఉంటుంది కదా?

గాలికొండ | మంగళవారం రాత్రి 8.55

ఉంటుంది సార్, రండి. ఇంకొక్క సాయం. ప్లాస్టిక్ గిన్నెలు మూడు, సైకిల్ బేరింగ్ ఒకటి పెట్టి గాలి వేగం చూసే గిన్నెల చక్రం చేయిస్తున్నాను. నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టవచ్చు, కానీ ఎన్ని చుట్లకు ఎంత వేగమో తేల్చడం ఎలా?

ఓర్వకల్లు ఎండ | మంగళవారం రాత్రి 9.20

గాలి లేని తెల్లవారుజామున చేయండి. మోటారు సైకిల్ వెనుక కూర్చున్న పెద్దవాళ్లు ఎవరైనా కర్రకు కట్టిన చక్రాన్ని తలకన్నా ఎత్తుగా పట్టుకోవాలి, లేకపోతే బండి నడిపేవాడి అడ్డు పడి తక్కువ తిరుగుతుంది. గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు 5 మీటర్లు, 36 అంటే 10. ఒకే దారిలో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చుట్లు లెక్కపెట్టి సగటు తీయండి, మిగిలిన కొద్దిపాటి గాలి ప్రభావం కొట్టుకుపోతుంది. ఒక గిన్నెకు ఎర్ర రంగు వేసి, ఫోనులో నెమ్మది వేగంతో వీడియో తీస్తే చుట్లు లెక్కపెట్టడం తేలిక. స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపే అలవాటున్నది, వీలైతే ఫోనులోని జీపీఎస్ వేగంతో సరిచూసుకోండి. బేరింగ్‌లో గ్రీజు మొత్తం కడిగేసి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయడం మరవకండి, గ్రీజు ఉంటే చిన్న గాలికి అసలు కదలదు.